మన ఊరి ప్రాథమిక పాఠశాల: గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

డెల్టాలో చాలా ఊళ్ల బడులకు వందేళ్లు నిండాయి, ఇంకొన్నిటికి నిండబోతున్నాయి. శతజయంతి చేద్దామని, సావనీరు (జ్ఞాపక సంచిక) వేద్దామని, ఉన్న బడి ఎక్కడ మూతపడుతుందోనన్న టెన్షన్‌తో అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. కోనసీమ లంకల్లోనూ (గోదావరి పాయల మధ్య దీవుల్లాంటి ఊళ్లు) నరసాపురం వైపు పల్లెల్లోనూ పంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్నలు నా దగ్గరకు వస్తుంటాయి. పదే పదే వచ్చేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

మా ఊరి బడి ఏ సంవత్సరంలో పెట్టారో ఎలా తెలుసుకోవాలి?

ముందుగా పెద్ద మాస్టారి అనుమతి తీసుకుని బీరువాలోని అడ్మిషన్ రిజిస్టర్లు చూడండి. అవి శాశ్వత రికార్డులు, పారేయడానికి వీల్లేనివి. అన్నిటికంటే పాత రిజిస్టర్లో మొదటి పేరు ఎదురుగా ఉన్న తేదీ రాసుకోండి. అదే బడి పుట్టినరోజని మాత్రం అనుకోకండి. దానికి ముందు ఇంకో రిజిస్టరు ఉండి, ఏ వరదకో చెదలకో పోయి ఉండొచ్చు.

గోడ మీద ‘స్థాపితం’ అని రాసిన ఏడాదిని కూడా గుడ్డిగా నమ్మొద్దు. డెల్టా బడుల్లో చాలావాటికి మూడు పుట్టుకలుంటాయి. ఎవరో ఒక పంతులుగారు చావిట్లోనో గుడి మండపంలోనో తాటాకు పాకలోనో పిల్లల్ని కూర్చోబెట్టిన ఏడు ఒకటి. ప్రభుత్వం గుర్తించి గ్రాంటు ఇచ్చిన ఏడు రెండోది. పక్కా భవనం లేచిన ఏడు మూడోది. శిలాఫలకం మీద ఉండేది సాధారణంగా ఈ మూడోదే. మీరు చరిత్ర రాసేటప్పుడు మూడూ విడివిడిగా రాయండి.

ఊళ్లో దొరకకపోతే పాత ప్రభుత్వ కాగితాల్లో వెతకాలి. అక్కడ జిల్లా పేరు దగ్గర చాలామంది దారి తప్పుతారు. అమలాపురం వైపు ఊళ్లకు 1859 వరకు రాజమండ్రి జిల్లా, ఆ తర్వాత గోదావరి జిల్లా, 1925 నుంచి 2022 వరకు తూర్పు గోదావరి. నరసాపురం, భీమవరం, తణుకు వైపు ఊళ్ల కథ వేరు. అవి 1859 తర్వాత గోదావరి జిల్లాలో ఉండి, 1904లో కృష్ణా జిల్లాలోకి వెళ్లి, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు ఇందులోకి వచ్చాయి. కాబట్టి 1910 నాటి పెనుగొండ బడి వివరాలు కృష్ణా జిల్లా కాగితాల్లో ఉంటాయి. మద్రాసు ప్రభుత్వం నాటి రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాత పత్రికలు, స్థానిక ప్రచురణల కోసం రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్లండి.

బడి రాకముందు మన పెద్దలు చదువుకోలేదా?

చదువుకున్నారు, కానీ అందరూ కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు తేలాయి. దాదాపు వెయ్యి మందికి ఒక బడి అన్నమాట. మన రాజమండ్రి జిల్లా కూడా ఆ లెక్కలో ఉంది.

అవన్నీ వీధి బడులు. అయ్యవారి ఇంటి అరుగే బడి. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దించి, ఆ తర్వాత తాటాకు మీదకు పంపేవారు. గుణింతాలు, ఎక్కాలు, శతక పద్యాలు, చిట్టా ఆవర్జాలు (జమాఖర్చు లెక్కల పుస్తకాలు) రాయడం వచ్చేస్తే చదువు పూర్తయినట్టే. అయ్యవారికి జీతమంటూ ఉండేది కాదు. కోతలయ్యాక ధాన్యం కొలిచేవారు, పండక్కి బట్టలు పెట్టేవారు. దసరాకి పిల్లలు విల్లంబులు పట్టుకుని, పద్యాలు పాడుతూ ఇంటింటికీ తిరిగితే అయ్యవారికి డబ్బులు, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. ఊరు పంతుల్ని పోషించుకునే పద్ధతి అది. అరుగు ఎక్కనివ్వని పిల్లలు కూడా ఆ ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల సంగతి కింద ఇంకో జవాబులో చెబుతాను.

డెల్టాలో బడులు అంత తొందరగా ఎలా పెరిగాయి? ధవళేశ్వరం ఆనకట్ట వల్లేనా?

ఆనకట్ట లేకపోతే ఈ వేగం ఉండేది కాదు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాడు. కాలవలు వచ్చాయి, పంట నిలకడగా చేతికొచ్చింది, శిస్తు కట్టినా రైతు చేతిలో కాస్త మిగిలింది. కాలవల మీద పడవల్లో వ్యాపారం పెరిగాక రసీదు చదవడం, లెక్క రాయడం వచ్చిన మనిషి ప్రతి ఊరికీ కావాల్సి వచ్చాడు.

కానీ డబ్బుండగానే బడి వచ్చేయదు. ఇక్కడ డెల్టా చేసిన పని ఒకటుంది. మన పిల్లలకు ఇది ఏ పాఠంలోనూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధ. 1850లలో నరసాపురం ప్రాంతంలో సబ్‌ కలెక్టరుగా ఉన్న జి.ఎన్. టేలర్ ప్రోత్సాహంతో ఊళ్ల రైతులు భూమి శిస్తుతో పాటు బడి కోసం అదనంగా కొంత కట్టడానికి ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో నడిచిన పల్లె బడులను ‘రేటు స్కూళ్లు’ అన్నారు. గోదావరి జిల్లాలో జరిగిన ఈ ప్రయత్నమే మద్రాసు ప్రభుత్వాన్ని కదిలించింది. బడి కోసం ప్రజల దగ్గర పన్ను వసూలు చేయడానికి చట్టబద్ధత ఇస్తూ 1863లో మద్రాసు విద్యా చట్టం వచ్చింది.

సర్కారు బడి అంటే సర్కారు ఉచితంగా ఇచ్చినది అనుకునేవాళ్లకు నేను ఈ సంగతి చెబుతాను. మన దగ్గర పల్లె బడి ఊరి డబ్బుతో మొదలైంది. స్థలం ఊరిది, దూలాలకు తాడిచెట్లు ఊరివి, పంతులు గారికి వసతి ఊరిది.

బోర్డు మీద ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’ అని ఉంటుంది. మా నాన్నగారి సర్టిఫికెట్ మీద ‘సమితి స్కూల్’ అని ఉంది. రెండూ ఒకటేనా?

ఒకటే. పిల్లలూ అదే, పాకా అదే, యాజమాన్యం పేరే మారుతూ వచ్చింది. బ్రిటిష్ కాలంలో తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు చూసేవి. అందుకే మీ తాతగారు ‘బోర్డు స్కూలు’ అనేవారు. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక సమితి స్కూలైంది. 1986–87 నుంచి సమితులు పోయి మండల ప్రజా పరిషత్తులు రావడంతో ఇప్పటి పేరు వచ్చింది. ఇవి కాక ఎయిడెడ్ బడులున్నాయి. కొన్నిటిని మిషన్లు నడిపాయి, కొన్నిటిని పంతుళ్లే మేనేజర్లుగా ఉండి గ్రాంటు తెచ్చుకుని నడిపారు.

సర్టిఫికెట్‌లో పేరు తేడా ఉందని ఎవరైనా అభ్యంతరం పెడితే, రెండూ ఒకే బడి అని హెడ్‌మాస్టరు గారి చేత ధ్రువీకరణ రాయించుకోండి.

ఒకే ఊళ్లో రెండు మూడు ప్రాథమిక పాఠశాలలు ఎందుకున్నాయి?

జనం ఎక్కువై అని కొందరంటారు. కొన్ని పెద్ద ఊళ్లలో అది నిజమే. ఎక్కువ ఊళ్లలో అసలు కారణం కులం.

బడి పేరు చివర ‘మెయిన్’ అని ఒకచోట, ‘ఎస్సీ పేట’ అనో ‘హెచ్.డబ్ల్యూ.’ అనో ‘ఎ.ఎ.’ అనో ఇంకోచోట చూసి ఉంటారు. హరిజనవాడ, ఆది ఆంధ్ర (దళితులకు అప్పటి పేరు) అన్న మాటల పొడి అక్షరాలవి. ఊరి మధ్య బడిలో పేట (దళితవాడ) పిల్లల్ని కూర్చోనివ్వలేదు. కూర్చోనిచ్చినా వసారాలో, విడిగా, నీళ్ల కుండ దగ్గరకు రానివ్వకుండా. ఊరి బడుల చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఈ భాగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. అలా చేయొద్దని నా మనవి.

పేటల్లో చదువు ముందుగా మిషన్ల వల్ల వచ్చింది. ఇంగ్లండు నుంచి 1836లో బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు చుట్టూ పనిచేశారు. అదే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. రాజమండ్రి కేంద్రంగా లూథరన్ మిషన్ బడులు పెట్టింది. పేటలో ఒకే పాక పగలు బడి, ఆదివారం ప్రార్థన మందిరం, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలకు అక్షరాలు నేర్పే చోటు. 1920ల నుంచి మద్రాసు ప్రభుత్వ లేబర్ డిపార్ట్‌మెంటు ఈ పిల్లల కోసం విడిగా బడులు తెరిచింది. ఆది ఆంధ్ర ఉద్యమంలో రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న లాంటివారు చదువు కోసం గట్టిగా నిలబడ్డారు.

ఆ పేట బడుల నుంచి వచ్చిన మొదటి తరం పంతుళ్లు, నర్సులు, రైల్వే ఉద్యోగులు ఎవరో మీ ఊళ్లో అడగండి. చాలా ఊళ్లలో మెయిన్ బడికి సావనీరు ఉంది, పేట బడికి లేదు. రెండూ కలిపి రాస్తేనే అది ఊరి బడి చరిత్ర అవుతుంది.

ఆడపిల్లలు ఎప్పటి నుంచి బడికి వస్తున్నారు?

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల పెట్టారు. పల్లెల్లోకి ఆ గాలి నెమ్మదిగా వచ్చింది. మీ ఊరి సంగతి తెలియాలంటే రిజిస్టర్లో మొదటి ఆడపిల్ల పేరు ఏ పేజీలో ఉందో చూడండి. ఆ తర్వాత మూడో తరగతి దాటి పేరున్న మొదటి ఆడపిల్లను వెతకండి. రెండిటి మధ్య చాలా ఏళ్ల తేడా కనిపిస్తుంది. ఎందుకంటే చేర్పించడం ఒక ఎత్తు, ఊడ్పులకూ చంటిపిల్లను ఎత్తుకోవడానికీ ఆపేయకుండా ఉంచడం ఇంకో ఎత్తు. ఆడ టీచరు వచ్చిన ఏడాది నుంచి రిజిస్టర్లో ఆడపిల్లల పేర్లు పెరగడం నేను పనిచేసిన బడుల్లో కళ్లారా చూశాను.

వరదొచ్చినా తుఫానొచ్చినా జనం బడిలోకే ఎందుకు వెళ్తారు?

ఊళ్లో మెరక మీద, స్లాబుతో, అందరికీ హక్కున్న కట్టడం చాలాచోట్ల అదొక్కటే కాబట్టి. ఒకరి మేడ మీదకు ఇంకొకరు వెళ్లడానికి మొహమాటం అడ్డొస్తుంది, కులం అడ్డొస్తుంది. బడి దగ్గర ఎవరూ ఎవర్నీ అడగనక్కర్లేదు.

1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగి ఊళ్లు మునిగాయి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమలో కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది, వందల ప్రాణాలు తీసింది. 2022 జూలైలో మళ్లీ 25 లక్షల క్యూసెక్కులు పైబడి వచ్చినప్పుడు లంకల వాళ్లు రోజుల తరబడి బడుల్లోనే తలదాచుకున్నారు. అలాంటప్పుడు బడి గదుల్లో జరిగే పని చూడాలి. ఒక గదిలో బాలింతలు, ఇంకో గదిలో ముసలివాళ్లు, వసారాలో మందుల పెట్టెతో నర్సమ్మ, మధ్యాహ్న భోజనం వండే గిన్నెల్లోనే ఊరందరికీ పులిహోర. ఏ పేట వాళ్లయినా ఒకే వరసలో కూర్చుని తినడం కొందరు మొదటిసారి చేసింది అక్కడే.

అయితే దీనికి బడి చెల్లించే మూల్యం కూడా ఉంది. నీళ్లు తీశాక బురద తోడుకోవడం, తడిసిన పుస్తకాలు ఎండబెట్టుకోవడం, బెంచీలు వెతికి తెచ్చుకోవడం, పిల్లలకు పోయిన రోజులు. శిబిరం ఎత్తేశాక బడిని శుభ్రం చేసి అప్పగించే బాధ్యత పంచాయతీ తీసుకోవాలి. చాలాసార్లు అది పంతుళ్ల మీదా పిల్లల మీదా పడుతుంది. రిజిస్టర్లు కింది అరలో పెట్టొద్దని, వీలైతే ఫొటోలు తీసి ఉంచమని ప్రతి హెడ్‌మాస్టరుకూ చెబుతుంటాను.

మధ్యాహ్న భోజనం పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు ఎందుకు పెట్టారు?

ఆవిడ మన డెల్టా మనిషి. 1841లో పుట్టి, లంకల గన్నవరంలో కాపురం చేసి, గోదావరి దాటి వచ్చిన బాటసారులకు, ఆకలితో వచ్చిన వాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టుకు (కాలవను నది మీదుగా దాటించే వంతెన) కూడా ఆవిడ పేరే ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి భోజనానికి ఆ పేరు పెట్టింది.

వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది, మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి అమలైంది. పేరు ఎన్నిసార్లు మారినా పథకం నిలవడమే ముఖ్యం. తల్లి గల్ఫ్ వెళ్లి అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు, చేపల చెరువుల మీద కాపలాకు వచ్చిన కుటుంబాల పిల్లలు మా దగ్గర చాలామంది. వాళ్లకు వేళకు దొరికే వేడి అన్నం, గుడ్డు బడిలోనివే. వంట చేసే అక్కలకు బిల్లులు నెలనెలా అందేలా అడగడం ఊరి పెద్దలు చేయగలిగిన మంచి పని.

తల్లిదండ్రుల కమిటీకి నిజంగా అధికారం ఉందా, సంతకాలకేనా?

ఉంది. విద్యాహక్కు చట్టం (2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చినది) ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు. బడికి వచ్చిన గ్రాంటు ఎంత, దేనికి ఖర్చైంది, పంతుళ్లు సరిపడా ఉన్నారా అన్నది చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం వాళ్ల పని.

సభ్యురాలి బదులు ఆవిడ భర్త వచ్చి కుర్చీలో కూర్చునే అలవాటు మాత్రం మానాలి. పొద్దున్నే పిల్లకు జడ వేసి పంపే తల్లికి బడి గురించి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మా బడిలో పిల్లలు బాగా తగ్గిపోయారు. మూసేస్తారా? కలిపేస్తారా?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. 2022లో జీవో 117తో చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని దగ్గరున్న హైస్కూళ్లకు పంపారు. 2025లో ఆ జీవోను రద్దు చేసి, ఫౌండేషన్, బేసిక్ ప్రైమరీ, మోడల్ ప్రైమరీ అంటూ బడుల్ని కొత్తగా వర్గీకరించారు. మీ బడి ఇప్పుడు ఏ వర్గంలో ఉందో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో కనుక్కోండి. అక్కడ చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

పిల్లలు తక్కువున్న బడిలో ఒక్క టీచరు ఐదు తరగతులు చెప్పడం పిల్లలకు మంచిది కాదన్నది నిజమే. తరగతికో టీచరున్న బడి బాగుంటుంది, కాదనను. కానీ దూరాన్ని డెల్టాలో కిలోమీటర్లలో కొలవకూడదు. ఇంటి నుంచి కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల ఉండాలని నిబంధన. ఆ కిలోమీటరు మధ్యలో మురుగు కాలవ ఉందా, ఏటిపాయ ఉందా, వంతెన ఉందా, పంటు మీద దాటాలా అన్నది కాగితంలో కనపడదు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడి, బడి నుంచి ఇళ్లకు వెళ్తున్న పిల్లలు గోదావరిలో పోయారు. లంక ఊళ్లో ప్రాథమిక బడి తీసేద్దామని ఎవరైనా ప్రతిపాదిస్తే ముందు ఆ పిల్లల్ని తలుచుకోవాలి. మ్యాపు మీద గీత గీసే అధికారి వరదనెలల్లో ఒకసారి ఆ రేవు దాటి చూడాలి.

మీరు చేయాల్సింది: కమిటీ సమావేశంలో తీర్మానం రాయించండి. దారిలో ఉన్న కాలవలు, రేవులు, వర్షాకాలంలో మునిగే పుంతలు గీసిన పటం జత చేయండి. అంతకంటే ముందు మీ పిల్లల్ని ఆ బడిలో ఉంచండి. పిల్లలు లేని బడి కోసం చేసిన తీర్మానానికి బలం ఉండదు.

ఇంగ్లీషు మీడియం కోసమే కదా ప్రైవేటు స్కూలు బస్సు ఎక్కిస్తున్నాం. తప్పా?

తప్పని అనను. పిల్లాడు బాగుపడాలనే కదా ఏ తల్లయినా ఫీజు కట్టేది. ఇప్పుడు సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. చిన్న తరగతుల్లో ఆ తెలుగు పేజీని వదలకండి. అర్థమైన పిల్లాడికి ఇంగ్లీషు వస్తుంది. అర్థం కానివాడు రెండు భాషల్లోనూ బట్టీయే పడతాడు.

పాత రిజిస్టర్లతో మామూలు జనానికి పనేముంది?

పింఛను, పాస్‌పోర్టు, కుల ధ్రువీకరణ, ఉద్యోగాల్లో స్థానికత, ఆస్తి తగాదాల్లో వయసు రుజువు. ఇంట్లో కాన్పు అయిన తరం వాళ్లకు జనన ధ్రువీకరణ ఉండదు, బడిలో రాసిన తేదీయే ఆధారం. ఆ తేదీ చాలాసార్లు మాస్టారు అంచనాగా వేసిందే. ‘పెద్ద వరదొచ్చిన ఏడు పుట్టాడండి’ అని తల్లి చెబితే లెక్కగట్టి జూలై 1 అని రాసేవారు. మీ బడి మూతపడి ఉంటే రికార్డులు విలీనమైన బడిలో గానీ ఎంఈవో ఆఫీసులో గానీ అడగండి.

బడి స్థలం మా తాతగారు ఇచ్చింది. ఇప్పుడు మాకు హక్కు ఉంటుందా?

దానపత్రం రాసి రిజిస్టరు చేసి ఉంటే స్థలం బడిదే. నోటిమాట మీద ఇచ్చిన చోట్లే గొడవలన్నీ. అలాంటి స్థలం ఇచ్చిన కుటుంబం వారు ఇప్పుడైనా పత్రం రాయిస్తే, పేరు గోడ మీద రాయించే బాధ్యత ఊరిది. ఆక్రమణ భయం ఉంటే ముందు సర్వే చేయించి సరిహద్దు రాళ్లు పాతించండి.

హైదరాబాదులో, అమెరికాలో ఉన్నాం. బడికి ఏదైనా చేయాలనుంది. ఏమిస్తే బాగుంటుంది?

హెడ్‌మాస్టరునీ కమిటీనీ అడక్కుండా ఏదీ కొనకండి. సంక్రాంతికి వచ్చి ఆర్చీ కట్టించి వెళ్లేవాళ్లున్నారు, లోపల మరుగుదొడ్డికి నీళ్లుండవు. వాచ్‌మన్ లేదా ఆయా జీతం, మంచినీటి ఫిల్టరు మరమ్మతు, కథల పుస్తకాలు, వేసవిలో కరెంటు బిల్లు, వరద కాలంలో రికార్డులు దాచడానికి ఎత్తైన ఇనుప బీరువా. ఇలాంటివి ఫొటోలో కనపడవు, రోజూ పనికొస్తాయి. ఇచ్చే డబ్బు ఒక్కసారిగా కాకుండా ఏటా కొంత ఇస్తే బడి దాన్ని నమ్ముకుని పని పెట్టుకోగలదు.

శతజయంతి సావనీరు కోసం ఎవరెవరిని కలవాలి?

ముందు వయసు పైబడిన వాళ్ల దగ్గరకు వెళ్లండి. మిగతా పనులు ఆగుతాయి, ఆ మాటలు ఆగవు. మెయిన్ బడిలో చదివినవాళ్లనే కాకుండా పేట బడిలో చదివినవాళ్లను, నాలుగో తరగతిలోనే మానేసిన ఆడవాళ్లను, వంట చేసిన అక్కలను, పడవ నడిపి పిల్లల్ని దాటించిన వాళ్లను కూడా అడగండి. ‘ఏం గుర్తుంది’ అని అడిగితే ఎవరూ ఏమీ చెప్పరు. ‘మీరు ఎక్కడ కూర్చునేవారు, పక్కన ఎవరు కూర్చునేవారు, మంచినీళ్లు ఎక్కడ తాగేవారు, ఎందుకు మానేశారు’ అని అడగండి. చెప్పినవాళ్ల అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ, పేరు రాసి, ఒక కాపీ బడిలో, ఒకటి పంచాయతీ ఆఫీసులో, ఒకటి మండల గ్రంథాలయంలో పెట్టండి.